బోర్డు మీద మిగిలిన అట్టముక్క

పొద్దున లాప్‌టాప్ మూత తెరిస్తే తెరమీద చక్రం తిరగడం మొదలుపెట్టింది. నేను పోయి సంకటి కెలికి, ముద్దలు చేసి, చేతులు కడుక్కొని వచ్చేవరకు తిరుగుతానే ఉండింది. "పాత సామాన్లవాళ్ళకు ఇచ్చేయమ్మా, దాని పని అయిపోయింది" అనింది మా పాప. నేనివ్వను. ఒకసారి దాన్ని బతికించిన చేతులివి, రెండోసారి బతికించలేవా? ఉన్నదంతా చెరిపేసి, మొదటినుంచి సిస్టం వేస్తే ఇంకో రెండేండ్లు పనిచేస్తుంది. పెన్‌డ్రైవ్ తీసుకొని కిటికీ పక్కన కూర్చున్నాను. కూర్చున్నానో లేదో, కండ్లు గోడమీది చెక్కబోర్డు వైపు పోయినాయి. ఆ బోర్డు సంగతి చెప్పాలంటే ముందు మా మామ సంగతి చెప్పాల.

మా మామ, అంటే మా ఆయన నాయన, బంగారు గనుల్లో ల్యాంప్‌రూమ్ క్లర్కు. గనిలోకి దిగే ప్రతి మనిషీ ల్యాంప్‌రూమ్ కిటికీలో తన నంబరున్న ఇత్తడి టోకెన్ ఇచ్చి దీపం తీసుకోవాల. ఆ టోకెన్ బోర్డు మీద మేకుకు వేలాడుతుంది. షిఫ్టు ముగిసి పైకొచ్చి దీపం వెనక్కిస్తేనే టోకెన్ చేతికిస్తారు. బోర్డు మీద ఒక్క టోకెన్ మిగిలినా ఒక మనిషి ఇంకా లోపల ఉన్నట్టే. అట్లా ఒకటి మిగిలిన సాయంత్రం, మామ తన డ్యూటీ అయిపోయినా కదలకుండా, ఆ మనిషి మసిమొగంతో కిటికీ ముందుకొచ్చేవరకు కూర్చున్నాడంట. ఈ కథ నేను కాపురానికొచ్చిన వారంలోనే మూడుసార్లు విన్నాను. గనులు మూతబడినా ఆయన బుద్ధి మాత్రం మూతబడలేదు. ఇంట్లోవాళ్ళంతా వచ్చేదాకా, గనుల పక్కనే ఉన్న కోరమండల్‌లోని మా రెండుగదుల ఇంటికి గడియ పడేది కాదు. "పెండ్లయినప్పుడు నాకూ ఒక నంబరు ఇచ్చింటాడులే" అని మా అత్త, ఉన్నన్నాళ్ళూ ఎగతాళి చేసేది.

ఇంగ ఈ లాప్‌టాప్‌ను మొదటిసారి బతికించిన ఏడాదికొస్తాను. కరోనా రోగం భయంతో బడులన్నీ మూసేసినారు. నేను రాబర్ట్‌సన్‌పేటలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచరును. ఒక శుక్రవారం హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేసి, "సోమవారం నుంచి పాఠాలన్నీ తెరమీదే అమ్మా. వీలుకానివాళ్ళ చోటికి వేరేవాళ్ళను చూసుకోవాల్సి వస్తుంది" అనింది. గొంతు మెత్తగానే ఉంది, మాటే మెత్తగా లేదు. మా ఆయన వేమగల్ ఫ్యాక్టరీలో రానూపోనూ దారిలేక అక్కడే చిక్కుకున్నాడు, సగం జీతం. నా ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. చూస్తే ఈ లాప్‌టాప్ మీట నొక్కితే అక్షరం పడేది కాదు, పడితే నాలుగు పడేవి. బంగారం తీసినాంక గనివాళ్ళు పారబోసిన సైనైడ్ దిబ్బ మీది తెల్లదుమ్ము మీటల సందుల్లో చేరి కరకరమనేది. దుమ్మును కోడిఈకతో తీసేసినాను. లోపలి రోగానికి ఈకలు పనికిరావుగదా.

మా బడి కంప్యూటర్ సారు సిస్టం ఎక్కించిన పెన్‌డ్రైవ్ గేటు మీదనుంచి అందించి, "మేడమ్, ముందు మీ ఫైళ్ళన్నీ వేరే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. చెరిపినాంక దేవుడొచ్చినా తెచ్చియ్యలేడు" అని చెప్పి పోయినాడు. ఏడేండ్ల పాఠాలున్నాయి అందులో. నేను గీసిన త్రికోణాలు, ప్రశ్నపత్రాలు, మొద్దు పిల్లలకని విడిగా రాసుకున్న సులువు లెక్కలు. అవి లేకుండా సోమవారం నేను తెర ముందు కూర్చొని చేసేదేమీ లేదు.

మామ వచ్చి పక్కన కుర్చీ వేసుకున్నాడు. "ఎంతమంది ఉండారమ్మా లోపల?" అన్నాడు. మనుషులు కాదు మామా, ఫైళ్ళు, అన్నాను. ఆయన వినిపించుకోలేదు. బిస్కెట్ల డబ్బా అట్ట కత్తిరించి, నాతో ఒక్కో ఫోల్డరు పేరు చెప్పించి, ఒక్కో ముక్క మీద రాసి, పాత చెక్కకు మేకులు కొట్టి వేలాడదీసినాడు. పదకొండు ముక్కలు. నాకు లోపల మంటగా ఉంది. ఒకపక్క గడువు ముంచుకొస్తా ఉంటే ఈయన బొమ్మలాట ఆడుతున్నాడని. పనిలో పనిగా పన్నెండో ముక్క మీద తన పేరు రాసి తగిలించినాడు. "ఇదేంది మామా?" అంటే, "నీకు తోడు నేనూ దిగినానుగదమ్మా" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నానికి అన్నీ పెన్‌డ్రైవ్‌లోకి లాగేసినాను. పెన్‌డ్రైవ్ తెరిచి, పాఠాల ఫోల్డరు నొక్కి చూసుకున్నాను. త్రికోణాలన్నీ కనిపించినాయి. అట్టలు తీయబోతే మామ నా చెయ్యి పట్టుకున్నాడు.

"యాడ చూసినావు?"

"దీంట్లోనే."

"దీంట్లో అంటే గని లోపలే చూసినట్టు. మనిషి పైకొచ్చి కిటికీ ముందు నిలబడాల. అప్పుడే టోకెన్."

కోపం ఆపుకోలేక, "మీ గనులు ఎప్పుడో మూసేసినారు మామా" అనేసినాను. ఆయన మొగం చిన్నబోయింది, కానీ నా చెయ్యి వదల్లేదు. విసురుగా లేచి పక్కింటి అక్క దగ్గరికి పోయి, పెన్‌డ్రైవ్ ఆమె లాప్‌టాప్‌కు పెట్టినాను. పది ఫోల్డర్లు తెరుచుకున్నాయి. పాఠాల ఫోల్డరు నొక్కితే అది దొరకలేదని వచ్చింది. మళ్ళీ నొక్కినా అదే. అప్పుడు చూసినాను, ఆ బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు. నేను తెచ్చింది ఫోల్డరును కాదు, దానికి దారి చూపే గుర్తును. మా లాప్‌టాప్‌లో అసలుది ఉంది కాబట్టి గుర్తు నొక్కినా తెరుచుకునింది. చెరిపేసుంటే ఏడేండ్లు పోయేవి.

ఇంటికొచ్చి అసలు ఫోల్డరు వెతికి, లాగి, మళ్ళీ పక్కింట్లో తెరిచి చూసి, అప్పుడు అట్టలు తీసినాను. "తప్పయింది మామా" అన్నాను. ఆయన కండ్లద్దాలు తుడుచుకుంటా, "అందరూ పైకొచ్చినారుగదా, ఇంగ నొక్కు" అన్నాడు. "మరి మీ అట్టో?" అంటే, "రేపు నీ క్లాసు అయినాంక తీస్తాలే" అన్నాడు. చెరిపేసినాను. పొద్దుగూకేసరికి కొత్త సిస్టం లేచి నిలబడింది. సోమవారం నలభైమంది పిల్లలకు త్రికోణం గీసి చూపించినాను. ఉద్యోగం నిలిచింది. ఆ సంబరంలో మామ తన అట్ట తీయడం మరిచిపోయినాడు, నేనూ గుర్తుచేయలేదు. మరుసటేడు ఆయన పోయినాడు.

ఈరోజు మళ్ళీ అట్టలు కత్తిరించినాను, ఈసారి పద్నాలుగు. పాప నవ్వింది. నవ్వనీ. చక్రం ఎట్లనో ఆగినాంక ఫోల్డర్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి లాగి, పక్కింటికి పోయి ఒక్కొక్కటీ తెరిచి చూసి, పద్నాలుగూ తీసేసినాను. బోర్డు మీద మామ అట్ట ఒక్కటే మిగిలింది, ఎండకు పాలిపోయి, ఆయన వంకర అక్షరాలతో. తీద్దామని చెయ్యి పెట్టినాను. మనిషి కిటికీ ముందుకు రాకుండా తీయకూడదుగదా. చెయ్యి వెనక్కి తీసుకొని, లాప్‌టాప్ చెరిపే మీట నొక్కినాను.

కొత్త సిస్టం ఎక్కడానికి గంటపైన పడుతుందని తెర చెప్తోంది. అది ఎక్కుతుంది, ముగుస్తుంది. మామ షిఫ్టు ముగిసేది ఎప్పుడో నాకు తెలీదు, నేను మాత్రం కిటికీ దగ్గరే కూర్చోనుండాను.