లేని పాముకు పాలు

ఆ గడ్డిలో పాము లేదు. ఇన్నేళ్ళుగా ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

1998లో కొండాపూర్ దాటాక ఒక ప్రకృతి పార్కులో గైడ్‌గా పనిచేసేదాన్ని. అటు మాదాపూర్ వైపు బండలు పేల్చి గాజు మేడలు కడుతున్నారు. ఇటు మా కుంట ఒడ్డున పెయింటెడ్ స్నైప్ అనే పక్షి గుడ్లు పెట్టింది. మా పార్కులో అది గూడు కట్టడం చాలా అరుదు. ఈ జాతిలో రంగులన్నీ ఆడదానివి, గుడ్లు పొదిగేది మాత్రం మగది. ఎండవేళ అది బెదిరి లేచిపోతే గుడ్లు పాడైపోతాయి. అందుకే దాన్ని హైడ్ నుంచే, అంటే తడికలు కట్టిన చాటు నుంచే, చూపించేవాళ్ళం.

దీపావళికి ముందు శనివారం ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ బృందం వచ్చింది. మెడల్లో కెమెరాలు, చేతుల్లో చిప్స్ పొట్లాలు. కూర్చున్న కాసేపటికే వాళ్ళ మేనేజర్ ప్రసాద్ గారికి విసుగు పుట్టింది.

“ఏదండీ పక్షి? ఎండుగడ్డి తప్ప ఏం కనపడట్లేదు.”

“ఆ గడ్డిరంగులో ఉన్నదే సార్. గుడ్ల మీద కూర్చుంది.”

“ఒక్కసారి లేపండి మేడమ్. ఎగిరితే ఫొటో తీసుకుని వెళ్ళిపోతాం.”

కూర్చున్న పక్షిని అలా లేపడాన్ని ఫ్లష్ చేయడం అంటారు. గూటి దగ్గర ఎప్పుడూ చేయకూడని పని. మెల్లగా చెప్పాను. మళ్ళీ చెప్పాను. నా గొంతు నాకే సరిగా వినబడదు, వాళ్ళకేం వినబడుతుంది? ఇంతలో శ్రీకాంత్ అనే ప్రోగ్రామర్ చప్పట్లు కొడుతూ హైడ్ దాటి గడ్డివైపు నడిచాడు.

“ఏంది మేడమ్, పిట్ట కోసం గింత పరేషానా? జర లేపి మళ్ల కూసోబెడ్తం!”

అందరూ నవ్వారు.

“గడ్డిలో పాముంది!” అని అరిచాను. అంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు.

శ్రీకాంత్ ఆగాడు. హమ్మయ్య అనుకునేలోపే, “కట్టెలు తేండ్రిరా, కొట్టేద్దాం!” అన్నాడు. అప్పుడే ఇద్దరు మా తడికల్లోంచి కర్రలు పీకుతున్నారు. తల బాదుకోవాలనిపించింది.

“అది నాగుపాము. ఊరివాళ్ళు పూజ చేసే పాము,” అన్నాను, ఏది నోటికొస్తే అది.

కర్రలు కింద పడ్డాయి. ప్రసాద్ గారు బూట్లు విప్పి దండం పెట్టారు.

“ముందే చెప్పాలి కదండీ! మా అమ్మాయికి సర్పదోషం ఉందన్నారు. ఒరేయ్, చప్పుడు చేయకుండా రండి.”

గుడ్ల కోసం ఎంత బతిమాలినా దొరకని నిశ్శబ్దం లేని పాము పేరు చెప్పగానే దొరికింది. అందరూ మునివేళ్ళ మీద వెళ్ళిపోయారు. మగపక్షి గుడ్ల మీంచి కదల్లేదు.

పక్షి గురించి తెలిస్తే చాలదు, చూడటానికి వచ్చినవాళ్ళు దేనికి వెనక్కి తగ్గుతారో కూడా గైడ్‌కు తెలియాలని ఆ రాత్రి డైరీలో గొప్పగా రాసుకున్నాను. దేనికి మళ్ళీ తిరిగొస్తారో మాత్రం ఆలోచించలేదు.

నాగుల చవితి పొద్దున నేను వచ్చేసరికి పార్కు ముందు ఆ కంపెనీ వ్యాను ఆగి ఉంది. గేటు కాపలా చూసే మల్లయ్య ఎదురొచ్చాడు.

“పాలు, కోడిగుడ్లు పట్టుకొచ్చిండ్రమ్మా. పుట్ట యాడుందో నువ్వే చూపిస్తవని అంటున్నరు.”