మామ్మ పాటకు దిద్దిన తప్పులు

పెడనలో మామ్మ పోయిందని కిందటి నెల కార్డు ముక్క వచ్చింది. రాసింది మా లెక్కల మాస్టారు. ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. ఆ వీధిలో అందరికీ మామ్మ, నాకూ మామ్మే. ఆవిడ గొప్ప చెప్పడానికే ఇది రాస్తున్నానని అనుకోకండి. నేను చేసిన పని ఎక్కడో ఒకచోట ఒప్పుకోవాలి.

గుడివాడ బడిలో నేను తెలుగు చెప్పేవాణ్ణి, ఆయన లెక్కలు. ఆయనది పెడన. నేనెప్పుడూ సినిమా పాటలు కూనిరాగాలు తీస్తుంటే ఒకరోజు విసుగెత్తి, "మాస్టారూ, ఒక్కసారి మా వీధికొచ్చి మామ్మ పాట వినండి. ఆ తర్వాత మీ ఇష్టం" అన్నారు. లెక్కల మనిషికి పాటేం తెలుసులే అనుకుంటూనే ఆదివారం బందరు రైలెక్కాను.

మామ్మ అరుగు మీద కూర్చుని రాట్నం తిప్పుతూ, మగ్గాలకు కావలసిన కండెలకు నూలు చుడుతోంది. భర్త బట్టలమ్మడానికి బందరు వెళ్ళి మరి తిరిగి రాలేదట. ఆ పాట తనే కట్టుకుంది. "బందరెల్లినోడు బండెక్కలేదే" అని ఎత్తుకుంది. నూలు తెగితే రాగం ఆపకుండానే "ఆగవే తల్లీ" అని దారానికి చెప్పి, ముడేసి, మళ్ళీ అక్కణ్ణుంచే అందుకునేది. అప్పట్నుంచీ నా ఆదివారాలన్నీ పెడనలోనే. వెళ్ళగానే ముందు మజ్జిగ ఇచ్చేది. పాట బాగుందంటే నవ్వి, చెయ్యి ఊరుకుంటే నోరూ ఊరుకుంటదయ్యా అనేది.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! ఆవిడ చేత రేడియోలో పాడించాలని నాకు పిచ్చి పట్టింది. పాటలన్నీ నోటుబుక్కులోకి ఎక్కించాను. పాడు తెలుగు మాస్టారు బుద్ధి కదా, ఎక్కిస్తూనే దిద్దాను. "బందరు వెళ్ళినవాడు" అని రాశాను. "ఆగవే తల్లీ" పాటలోది కాదని కొట్టేశాను. నెల్లాళ్ళు కూర్చోబెట్టి వల్లె వేయించాను. ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండని లెక్కల మాస్టారు చెబుతూనే ఉన్నారు. నేను వింటేగా.

బెజవాడ రేడియో స్టేషన్లో మైకు ముందు, రాట్నం లేకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మొదటి చరణంలోనే ఆగిపోయింది. స్టేషను వాళ్ళు మర్యాదగానే మంచినీళ్ళిచ్చి మళ్ళీ పాడమన్నారు. మూడుసార్లు మొదలెట్టింది, మూడుసార్లూ నావైపు చూసింది. తిరుగు రైల్లో ఒక్కటే మాట అంది.

"ఏది నాదో, ఏది నువ్వు చెప్పిందో తెలవట్లేదు నాయనా."

ఆ తర్వాత కండెలు చుట్టింది గానీ పాడలేదు. నీ పాట నీకు నచ్చినట్టే పాడు మామ్మా అని కాళ్ళమీద పడ్డంత పని చేశాను. రావట్లేదయ్యా అంది, కోపం లేకుండా. తిట్టినా బాగుండేది. ఆరేళ్ళు ఆ అరుగు మీద రాట్నం చప్పుడు తప్ప మరేమీ వినలేదు. ఆవిడ బతికుండగానే ఆవిడ పాటను చేతులారా చంపాను. దిద్దకముందరి మాటలు, ఆ మొదటి పాదం తప్ప, నాకూ గుర్తు లేవు.

పెద్దకర్మ నాడు వెళ్ళాను. వీధిలో ఆడవాళ్ళంతా చాపల మీద కూర్చున్నారు. అత్తగారి పాటలు మీ దగ్గర రాసి ఉన్నాయటగా, ఒకటి వినిపించండని కోడలు అడిగింది. నోటుబుక్కు తెరిచి, నాకు చేతనైన రాగంలో మొదటి పాట చదివాను. అందరూ బుద్ధిగా విన్నారు. ఇరవై ఏళ్ళు మామ్మ పక్కనే కూర్చుని నూలు చుట్టినామె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"బాగుందండీ," అంది. "ఎవరి పాటండీ అది?"