పిడికెడు బియ్యం, కల్దారు లెక్క

పైదేశం చదువుకు ఎంత ఖర్చవుతుందో ముందే కాగితం మీద వేసుకోవాలని ఎవరైనా పిల్లలకు బుద్ధులు చెబుతుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నేను వేశాను. పదమూడేళ్లకే, గీతలు కొట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో వేశాను. దాంతో ఏమైందో చెబుతాను.

అప్పుడు మేం అమీర్‌పేటలో ఉండేవాళ్లం. నాన్న సోమాజిగూడలో ఒక నవాబుగారి తోటలో మాలీ. అక్క మిషన్ ఆసుపత్రిలో నర్సు. ఆదివారం పొద్దున్నే కాలినడకన పంజాగుట్ట వెళ్లి, అక్కడి చిన్న చర్చిలో ఆరాధన ముగిశాక ఎండలో ఇంటికి వచ్చేవాళ్లం.

మా సంఘంలో ఆడవాళ్లకు ఒక అలవాటుంది. ఎసరు పెట్టిన ప్రతిసారీ, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే సంచిలో వేస్తారు. అది దేవుడి వంతు. నెల చివరి ఆదివారం ఆ సంచులన్నీ చర్చిలో ఒకచోట పోసి, అమ్మి, డబ్బు సంఘం పెట్టెలో వేస్తారు. మా ఇంట్లో కొలిచిన బియ్యమే అందరికీ చాలేది కాదు. అయినా అమ్మ పిడికెడు తీయడం మానలేదు. ఆకలేసి నేను ఆ సంచి వైపు చూస్తే చేతి మీద ఒక్కటి వేసేది.

ఒకసారి మిషన్‌వాళ్లు మా సంఘం నుంచి ఒకరిని ఇంగ్లండులో చదివిస్తామన్నారు. ఫీజు, బస వాళ్లవి. ఓడ ఛార్జీ, చలిబట్టలు, చేతి ఖర్చు సంఘానివి. మూడేళ్లపాటు బియ్యం డబ్బు ముట్టుకోకుండా అందుకోసమే దాచారు. ఆడవాళ్లంతా ఒక్క మాటగా అక్క పేరు చెప్పారు. కాన్పులు చేసే నర్సులకు పాఠాలు చెప్పే చదువు చదివి వస్తే, మన పేటల్లో పిల్లలు పుట్టగానే పోవడం తగ్గుతుందని వాళ్ల ఆశ. ఆ సంచుల్లో బియ్యం వేసిన ఇళ్లలో బిడ్డను మట్టిలో పెట్టని ఇల్లు తక్కువ.

లెక్కల్లో నాకు నూటికి నూరు వచ్చేవి కాబట్టి పద్దు నన్ను రాయమన్నారు. ఆసుపత్రి దొరసానిని అడిగి అక్క ధరలు తెలుసుకుని వచ్చింది. బొంబాయి దాకా రైలు, ఓడకు పోను ఇంత, రాను ఇంత, ఉన్ని కోటు, బూట్లు. రెండో కోటు కొట్టేయమంది, కొట్టేశాను. గొడుగు కూడా కొట్టేయించింది. చివరికి వెయ్యిన్నీ యాభై రూపాయలకు వచ్చింది. పెట్టెలో సరిగ్గా అంతే ఉంది. ఆ రోజు అమ్మ నాకు నెయ్యి వేసి అన్నం పెట్టింది.

సంఘం కమిటీలో ఆరుగురూ మగవాళ్లే. అక్క, నాన్న పక్కన ఉండగా వాళ్ల ముందు నిలబడి పద్దు చదివాను. సంఘపెద్ద సర్కారు కచేరీలో గుమాస్తా. కాగితం తీసుకుని కిందికీ పైకీ చూశాడు.

"గీ లెక్క ఏ రూపాయలల్ల రాసినవ్ బిడ్డా?" అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. మా పెట్టెలో ఉన్నవి నిజాం సర్కారు హాలీ రూపాయలు. దొరసాని చెప్పినవి ఇంగ్లీషువాళ్ల కల్దారు రూపాయలు. ఆరు కల్దార్లు కావాలంటే ఏడు హాలీలు ఇవ్వాలి. రెండింటినీ ఉత్త రూపాయలనే రాసుకుని, లెక్క సరిపోయిందని సంబరపడ్డాను.

"నూట డెబ్బై అయిదు హాలీ తక్కువ పడ్తది," అన్నాడు పెద్దాయన.

తన జీతంలోంచి నెలనెలా కడతానంది అక్క. నవాబుగారిని అడిగి తెస్తానన్నాడు నాన్న.

"అప్పు జేసి పంపుడు సంఘానికి మంచిగుండదు. లెక్కనే సక్కగ రానోళ్లు పరాయి దేశంల ఎట్ల బతుకుతరు? వచ్చే యేడు చూద్దం తియ్యమ్మా," అన్నాడు పెద్దాయన అక్కతో.

లెక్క రాసింది నేను, వెళ్లాల్సింది అక్క. ఆ తేడా ఆరుగురిలో ఒక్కరికీ తట్టలేదు. తట్టినా నోరు మెదపలేదు. సీటు వృథాగా పోకూడదని వారం తిరక్కుండా ఆ పెద్దాయన కొడుకునే ఖాయం చేశారు. అతను పంతులు చదువు చదవడానికి వెళ్లాడు. మరుసటి ఏడు యుద్ధం వచ్చింది. ఆ తర్వాత అక్క మాట ఎత్తినవాళ్లు లేరు.

అక్క నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. నేను బళ్లో లెక్కలు వదిలేసి కుట్టుపని తీసుకున్నాను. అంకెలు చూస్తే తలనొప్పి వస్తోందని ఇంట్లో అబద్ధం చెప్పాను. దుకాణంలో చిల్లర కూడా పక్కవాళ్లచేత లెక్కపెట్టించేదాన్ని.

యుద్ధం ముగిశాక పెద్దాయన కొడుకు తిరిగి వచ్చాడు. చర్చిలో దండ వేసి, పైచదువులకు వెళ్లాలనుకునే కుర్రాళ్లకు నాలుగు మాటలు చెప్పమన్నారు. అది నెల చివరి ఆదివారం. ఆడవాళ్లం బియ్యం సంచులు ఒళ్లో పెట్టుకుని చాపల మీద కూర్చున్నాం.

"ఖర్చంత ముందుగాల కల్దార్ల రాసుకోండ్రి తమ్మీ," అన్నాడు. "నాడు నేను హాలీకి, కల్దారుకు ఫరక్ చూడకుంటనే రాసిన. పెట్టెల ఉన్నయి సరిపోతయనుకున్న. బాపు చూసి మస్తు నవ్విండు. నూట డెబ్బై అయిదు తక్కువ పడితే, చర్చి కట్టెతందుకు దాచిన పైసలకెళ్లి కమిటీవాళ్లు సర్దిన్రు."

అందరూ నవ్వారు. పెద్దాయన కూడా నవ్వాడు.

అదే తప్పు, అంతే తక్కువ. వాళ్ల పిల్లవాడు చేస్తే ముచ్చట, మేం చేస్తే సీటే పోయింది. నూట డెబ్బై అయిదు ఆ రోజూ వాళ్ల దగ్గర ఉన్నాయి. లేచి ఆ దండ తెంచి పారేయాలనిపించింది. లేవలేదు. దానికి నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

బియ్యం తెమ్మని పిలిచారు. ఆడవాళ్లు లేచి వెళ్లారు. అమ్మ లేవలేదు. పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా సంచి చంకలో పెట్టుకుని నడిచింది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చిన అక్క ఆ సంచి చూసి ఏమైందని అడిగింది. అంతా చెప్పాను. బల్ల మీద కూర్చుని బూట్లు విప్పుతూ విన్నది.

"నువ్వు లెక్కలిడిచింది గిందుకేనా?" అని అడిగింది.

తల ఊపాను.

అక్క లేచి సంచి విప్పి, ఉన్న బియ్యమంతా చాటలో పోసి, రాళ్లు ఏరి ఎసట్లో వేసింది. అమ్మ వద్దనలేదు. దేవుడి వంతు మేం తినడం అదే మొదటిసారి. అక్క రెండుసార్లు పెట్టించుకుని తిన్నది.