రాకుమారి నోరు

బొమ్మలక్క అంటే తెలియని బడి ఆ చుట్టుపక్కల లేదు. అన్నయ్యా ఆమే కలిసి చెక్కబొమ్మలకు దారాలు కట్టి ఆడించేవారు. తండ్రి నేర్పి వెళ్లిన పని అది. పేరు ఆమెదే గాని గొంతు మాత్రం అన్నయ్యది. రాజు, రాక్షసి, ఆఖరికి గుర్రానికి కూడా ఆయనే మాట్లాడేవాడు. రాకుమారి దారాలు ఆమె చేతిలో ఉండేవి. రాకుమారికి మాటలెక్కడివి! తల వంచడం, మూర్ఛపోవడం, చివర్లో పెళ్లి చేసుకోవడం, అంతే.

అసలు తమాషా ఏమిటంటే, వాళ్ల బొమ్మల పెట్టెలో దవడ ఆడే ఆడబొమ్మ రాక్షసి ఒక్కతే. దాని గడ్డం కోసి, లోపల దారం కట్టి, లాగితే టకటకలాడేలా చేశాడు తండ్రి. రాకుమారికేమో రంగుతో వేసిన గింజంత ఎర్రటి మూతి. ఏం న్యాయమండీ ఇది? నోరు తెరిస్తే రాక్షసేనా?

పాత కథలో రాకుమారుడు వచ్చి విడిపించేదాకా రాకుమారి కిటికీ దగ్గర అందంగా నిలబడి ఉంటుంది. ఆ కథనే బొమ్మలక్క తిరగరాసింది. ఈసారి రాకుమారి తనంతట తానే బయటపడుతుంది, బోలెడు మాట్లాడుతుంది. మరి మాట్లాడాలంటే నోరుండాలిగా! సన్న రంపం తీసింది.

"ఒసేయ్, ఆగు!" అన్నయ్య పరుగున వచ్చాడు. "దాని అందమంతా ఆ మూతిలోనే ఉంది. గడ్డం మీద గాట్లు పడితే ఎవరు చూస్తారే?"

"రాక్షసిని రెప్పవేయకుండా చూస్తున్నారుగా, అన్నయ్యా."

"సరే, నీ ఇష్టం. రేపు పిల్లలు మధ్యలో లేచి వెళ్లారో, మళ్లీ పాత కథే. నువ్విక తెర వెనక నోరెత్తకూడదు."

"వెళ్తే జన్మలో ఎత్తను," అంది. అని, కోసేసింది. కళ్లు మూసుకుని కోసిందేమో అనుకునేరు, అబ్బే! మూసుకున్నది అన్నయ్యే. పెదవుల కొసల నుంచి గడ్డం దాకా రెండు గీతలు తేలాయి. వాటిని రంగు పూసి దాచాలని కూడా ఆమెకు తోచలేదు.

మర్నాడు బడి హాల్లో తెర లేచింది. "భయపడకు సుందరీ, నేనొచ్చేశాను!" అన్నాడు రాకుమారుడు, అన్నయ్య గొంతుతో.

రాకుమారి టక్కున నోరు తెరిచింది, బొమ్మలక్క గొంతుతో. "ఆలస్యమైంది బాబూ. తలుపు నేనే విరగ్గొట్టాను. వచ్చావు కాబట్టి ఆ చెక్కముక్కలు కాస్త పక్కకు తియ్యి."

హాలంతా గొల్లున నవ్వింది. అంతలో ముందు వరసలోంచి ఒక పాప లేచింది. "అదిగో, లేచారు," అని గొణిగాడు అన్నయ్య. బొమ్మలక్క దారాలు బిగించి పట్టుకుంది.

పాప తలుపు వైపు వెళ్లలేదు. నేరుగా తెర దగ్గరికొచ్చి, "పోయినసారి ఎందుకు మాట్లాడలేదు నువ్వు?" అని రాకుమారినే నిలదీసింది.

ఈ ప్రశ్న కథలో లేదు. అన్నయ్య బిక్కమొహం వేశాడు. బొమ్మలక్క తడుముకోలేదు.

"అప్పుడు నాకు నోరు చెక్కలేదమ్మా. నిన్ననే చెక్కించుకున్నాను. ఇదిగో, గీతలు కూడా పడ్డాయి. బాగున్నాయా?"

పాప మెడ చాచి పరీక్షగా చూసింది. "నవ్వితే ఇంకా బాగున్నాయి," అని తీర్పు చెప్పి వెళ్లి కూర్చుంది. ఆట అయ్యేదాకా ఒక్కరు కదిలితే ఒట్టు.

సాయంత్రం అన్నయ్య పెట్టెలోంచి రాణిని, దాసిని, రాకుమారి చెల్లెల్ని తీసి బొమ్మలక్క బల్ల మీద వరసగా పడుకోబెట్టాడు. పక్కన రంపం పెట్టాడు.

"వీళ్లకీ కోసెయ్యమ్మా," అన్నాడు. "రేపు ఆ పాప వీళ్లనీ అడుగుతుంది."