మాత్రలమ్మ తమ్ముడు

మా ఆరోగ్య కేంద్రం నర్సుని అందరూ మాత్రలమ్మ అంటారు. క్షయ రోగుల ఇళ్ళకు రోజూ వెళ్ళి, మాత్ర తన కళ్ళ ముందే మింగించడం ఆవిడ పని. నేను పని నేర్చుకోడానికి ఆవిడ దగ్గర చేరినప్పుడు సూదులూ కట్లూ నేర్పుతుందనుకున్నాను. ఆవిడ నేర్పింది కబుర్లాడటం. మాత్ర నోట్లో వేసుకున్నాక రోగిని మాటల్లో పెట్టాలి. నాలుక కింద దాచుకున్నవాడు ముక్తసరిగా జవాబిస్తాడు. అప్పుడు నోరు తెరవమనాలి. ఒంట్లో కాస్త తేలికపడగానే మందు మానేస్తారనీ, అలా మానేస్తే జబ్బు మొండికేసి ఆ మందుకు ఇక లొంగదనీ నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది. తిట్టి తలుపేసిన వాళ్ళ గడప కూడా మర్నాడు మళ్ళీ తొక్కేది. ఇంత మొండి మనిషేమిటా అని లోపల నవ్వుకునేదాన్ని.

అదే జబ్బు ఆవిడ సొంత తమ్ముడికి వచ్చింది. అతను దర్జీ. ఇంటి ముందు గదే కొట్టు. నువ్వు రోజూ వస్తే సంగతి బయటపడుతుంది, ఇక మా దగ్గర బట్టలెవరు కుట్టించుకుంటారని మరదలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఎవరికీ లొంగని మనిషి అక్కడ మెత్తబడింది. వారానికి సరిపడా మాత్రలు ఒకేసారి ఇచ్చి వచ్చేసేది. వేసుకుంటున్నాడో లేదో చూశారా అని నేనడిగితే, నా తమ్ముడు నాతో అబద్ధమాడతాడా అంది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది నాకు.

దగ్గు తగ్గగానే అతను మానేశాడు. కొన్నాళ్ళకి కుడుతున్న చొక్కా మీదే రక్తం కక్కుకున్నాడు. పరీక్ష చేస్తే పాత మందులేవీ పనిచేయవని తేలింది. పెద్దాసుపత్రిలో వేరే మందు మొదలుపెట్టారు. బతుకుతాడా అంటే డాక్టరు నీళ్ళు నమిలాడు.

మంచం పక్కన నిలబడి మాత్రలమ్మ తమ్ముణ్ణి నిలదీసింది. నన్నెందుకిలా మోసం చేశావురా అని ఏడ్చింది.

అతను ఆయాసపడుతూ అన్నాడు. "అందరిళ్ళల్లోనూ నోరు తెరవమంటావుగా అక్కా. నన్ను ఒక్కసారి అడిగుంటే దొరికిపోయేవాణ్ణి."

 ఆవిడ వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుని కూలబడింది. వెనకే వచ్చిన నా చెయ్యి పట్టుకుంది.

"మా మరదలికీ వాళ్ళ పిల్లకీ నువ్వే పరీక్షలు చేయించు. వాళ్ళు ఏడిచినా వినకు. నావల్ల కాదు."