మే అంటే బతుకుతదనా?

మా నాయన వనపర్తిలో ఇంగ్లీషు పంతులు. అప్పట్లో బడిలో చదువంతా ఉర్దూలోనే గనుక అక్కడి పిల్లలకు ఇంగ్లీషును ఉర్దూలో విప్పి చెప్పేవాడు. సాయంత్రం ఇంటికి వచ్చాక అదే పాఠం నాకు తెలుగులో చెప్పేవాడు. ఆడపిల్లకు ఇంగ్లీషెందుకని మా మేనత్త అడిగితే, "ఎందుకో నాకూ తెల్వదు. కని చెప్తుంటే మంచిగనిపిస్తది" అనేవాడు.

నేను ఎక్కువగా తడబడింది పెద్ద పెద్ద మాటల దగ్గర కాదు, మే, మైట్, మస్ట్ లాంటి చిన్న మాటల దగ్గర. "ఇట్ మే రెయిన్" అంటే వాన పడవచ్చు. "ఇట్ మైట్ రెయిన్" అన్నా పడవచ్చనే, కాకపోతే ఆశ ఇంకాస్త తక్కువ. "ఇట్ మస్ట్ హావ్ రెయిన్డ్" అంటే వాన పడుతుంటే మనం చూడలేదు గానీ, తడిసిన నేలను చూసి పడే ఉంటుందని గట్టిగా అనుకోవడం.

"పడ్డది వేరు, పడే ఉంటది వేరు బిడ్డా. కండ్లతోని చూసినోడు మస్ట్ అనడు" అనేవాడు నాయన.

కళ్లతో చూడని దానికి అంత గట్టి మాట ఎందుకో నాకు బోధపడేది కాదు.

యుద్ధం రోజుల్లో మా ఊళ్లోని ఆడవాళ్ల దవాఖానకు ఒక ఇంగ్లీషు డాక్టరమ్మ వచ్చింది. ఆమెకు ఉర్దూ నాలుగు ముక్కలు వచ్చు, తెలుగు అసలు రాదు. ఆడవాళ్లు తమ బాధలు మగవాడి ముందు చెప్పుకోరు గనుక, ఇంగ్లీషూ తెలుగూ తెలిసిన ఆడమనిషి కావాలని నాయనకు కబురు పెట్టింది. అప్పటికి నాకు పెళ్లయింది. మా ఆయన హైదరాబాదులో చదువుకుంటున్నాడు, నేను పుట్టింట్లోనే ఉన్నాను. నాయన ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నన్ను పంపాడు. మా మేనత్త మాత్రం చాలా రోజులు నాయనతో మాట్లాడలేదు.

పనిలో చేరాక తెలిసింది, ఆ డాక్టరమ్మ ఏ మాటా ఖాయంగా చెప్పదని. తగ్గవచ్చు అంటుంది, మళ్లీ రావచ్చు అంటుంది. నేను ఉన్నదున్నట్టు తెలుగులో చెబితే రోగులు నా మొహంలోకి వింతగా చూసేవాళ్లు. "ఏంది, డాక్టరమ్మకు తెల్వదా?" అని గుసగుసలాడేవాళ్లు.

అక్కడ తెల్లగడ్డం కంపౌండరు ఒకాయన ఉండేవాడు. మంచి మనిషి. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "బేటీ, నువ్వు గిట్ల 'కావచ్చు, కావచ్చు' అంటే వీళ్లు పరేషాన్ అయితరు. బండి కట్టుకొని ఇంటికి తీసుకపోతరు. 'తప్పక తగ్గుతది' అను. మందన్న తాగుతరు" అన్నాడు. మధ్యలోనే రోగిని ఇంటికి తీసుకుపోయినవాళ్లను ఆయన ఎంతోమందిని చూసి ఉన్నాడు. ఆయన మాట తీసిపారేయలేకపోయాను.

ఆ ఎండాకాలంలోనే పాన్‌గల్ వైపు నుంచి ఎడ్లబండిలో ఒక పిల్లను తెచ్చారు. నా ఈడుదే. మెట్టచేలు చేసుకునే ఇంటి కోడలు. రోజుల తరబడి దిగని జ్వరం, ఎండిపోయిన పెదాలు, పిలిస్తే పలకని కళ్లు. వెంట మొగుడు, అత్త ఉన్నారు. మొగుడు గడప దాటి లోపలికి రాలేదు. అత్త మాత్రం మంచం కోడు పట్టుకొని నేల మీద కూర్చుంది. బలమైన మనిషి, ఎండకు నల్లబడిన మొహం.

డాక్టరమ్మ పరీక్ష చేసి టైఫాయిడ్ అంది, మా వైపు మియాదీ జ్వరం అంటారు. ఎక్కడో చెడ్డ నీళ్లు తాగి ఉంటుందని మస్ట్ వేసి చెప్పింది. నేను తెలుగులో చెప్పాను.

"తాగంగ చూసిందా గీమె?" అంది అత్త.

"చూడలేదవ్వా. రోగం చూసి గట్ల అనుకుంటున్నది."

"మా బాయి అడుగంటింది. కుంటల నీళ్లు తెచ్చుకుంటున్నం" అంది అత్త.

తర్వాత అసలు ప్రశ్న అడిగింది. డాక్టరమ్మ "షీ మే లివ్" అంది. ఆ మాటల్లో ఒక్క ముక్కను అత్త చెవి పట్టుకుంది.

"మే అంటే? బతుకుతదనా?"

"బతకొచ్చు అని."

అత్త నా మొహంలోకి చూసి, కోడలి వైపు తిరిగి చెంగుతో విసరసాగింది.

కొద్దిరోజులకు జ్వరం కాస్త దిగింది. పిల్ల కళ్లు తెరిచి, "అక్కా, ఆకలైతుంది" అని నన్నే అడిగింది. ఆ ఆకలి చూడలేకపోయేవాళ్లం. గంజి నీళ్లు తప్ప ఏమీ పెట్టవద్దని డాక్టరమ్మ కట్టడి చేసింది. ఎప్పుడు తినవచ్చని అడిగితే, నాలుగు రోజుల్లో "షీ మే ఈట్" అంది. నేను "నాలుగొద్దులకు తినొచ్చు" అన్నాను.

అత్త మొహం విప్పారింది. "తినొచ్చు అన్నదా? ఇంక నాలుగొద్దులేంది, రేపే జొన్న రొట్టె చేసి పెడ్త!"

నేను గతుక్కుమన్నాను. మా భాషలో "తినొచ్చు" అంటే తినడానికి సెలవిచ్చినట్టూ అవుతుంది, తినగలుగుతుందేమోనని అనుకున్నట్టూ అవుతుంది. ఇంగ్లీషు మే కూడా అంతే. రెండు భాషలూ ఒక్కచోటే మెలికపడ్డాయి. తిరిగి డాక్టరమ్మను అడిగాను: "మీరన్నది అనుమతా, సందేహమా?"

ఆమె పక్క మంచం దగ్గరికి పోబోతూ ఆగింది. "సందేహమే. అనుమతి ఇంకా ఇవ్వలేదు. అలా అడగడం మంచిదయింది" అంది. ఆ జ్వరంలో పేగు లోపల పుండ్లు పడతాయని, గట్టి తిండి పడితే పేగుకు చిల్లి పడవచ్చని వివరించింది.

నేను అత్త పక్కన నేల మీద కూర్చున్నాను. "అవ్వా, నాలుగొద్దులకు తినొచ్చేమో. ఇంకా తెల్వదు. లోపల పేగు పచ్చి పుండుగ ఉన్నది. నేనొచ్చి 'పెట్టు' అనేదాక రొట్టె ముక్క గూడ పెట్టొద్దు."

"గట్ల చెప్పు మరి" అంది అత్త. ఆ పూట నుంచి కోడలు ఎంత ఏడ్చినా చెంచాతో గంజి నీళ్లే పోసింది. తాను రొట్టె తినాలంటే బయట బండి చాటుకు పోయి తినేది.

అంత జాగ్రత్త పడ్డా గండం తప్పలేదు. ఒక మధ్యాహ్నం పిల్లకు విరేచనంలో నెత్తురు పడింది. ఒళ్లు చల్లబడింది. డాక్టరమ్మ మంచం కాళ్ల వైపు కింద ఇటుకలు పెట్టించి, నాడి పట్టుకొని చాలాసేపు నిలబడింది. అత్త అడగకముందే "షీ మైట్ లివ్" అంది, నెమ్మదిగా.

"మొన్న మే అన్నది. ఇయ్యాల గా మాట అనలే. ఏమన్నది?" అంది అత్త.

అత్త వెనక నిలబడ్డ కంపౌండరు, ధైర్యం చెప్పమన్నట్టు చేత్తో సైగ చేశాడు. ఆయనదీ జాలే. నేను ఆయన చేతి వైపు చూశాను. అది చూసి అత్తే అంది:

"బిడ్డా, నాకు ధైర్యం చెప్పకు. నా బిడ్డకు జరమొచ్చినప్పుడు ఒకాయన 'తప్పక బతుకుతది, నాది పూచీ' అన్నడు. నేను నమ్మి చేనుకు పోయిన. వచ్చేసరికి పానం పోయింది. ఆఖరికి దగ్గర కూసునేది గూడ లేకపాయె. ఉన్నదున్నట్టు చెప్పు."

"బతుకుతదేమో అవ్వా. మొన్నటికంటె ఆశ తక్కువున్నది. కని ఉన్నది" అన్నాను.

ఆమె తల ఊపింది. లేచి కోడలి అరికాళ్లను రెండు చేతుల్లోకి తీసుకొని రుద్దడం మొదలుపెట్టింది. పొద్దు గూకేదాకా ఆ చేతులు ఆగలేదు. కంపౌండరు పోయి వేడినీళ్ల సీసా గుడ్డలో చుట్టి తెచ్చి పెట్టాడు. అప్పటి నుంచి, అబద్ధం చెప్పమని నన్ను ఎన్నడూ అడగలేదు.

పిల్ల బతికింది. మెల్లగా, వెంట్రుకలన్నీ రాలిపోయి, ఎముకల గూడులా బతికింది. తొందరలోనే లేచి నడుస్తుందని డాక్టరమ్మ షుడ్ వేసి చెబితే, ఆ రోజు పని తొందరలో ఉన్న నేను "నడువాలె" అనేశాను. షుడ్ అంటే నడవాలి అనీ అవుతుంది, నడుస్తుందనుకోవడం అనీ అవుతుంది. అత్త అప్పుడే కోడలి రెక్క పట్టి లేపబోయింది. "ఇప్పుడే కాదవ్వా! నడుస్తదని అనుకుంటున్నది, అంతే" అని నేను పరుగెత్తాల్సి వచ్చింది. పిల్ల పకపకా నవ్వింది. ఆమె నవ్వగా చూడడం అదే మొదలు. ఏం జరిగిందో నేను చెప్పాక డాక్టరమ్మ కూడా నవ్వింది.

అయితే పిల్లకు ఒక చెవి వినపడకుండా పోయింది. అది తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అంది డాక్టరమ్మ. అత్త దాన్ని అలాగే తీసుకుంది, మళ్లీ అడగలేదు.

ఇంటికి పోయే రోజు మొగుడు బండిలో గడ్డి పరిచి పైన బొంత వేశాడు. పిల్లను ఎక్కించాం. "అక్కా, మా ఊరికి రావాలె" అంది నాతో. అత్త బండి ఎక్కలేదు. కోడలికి వినపడే చెవి వైపు చక్రం పక్కనే నడుస్తూ, గట్టిగా ఏదో కబుర్లు చెబుతూ పోయింది.