పొద్దున్నే టైపైన నేరం

మునిసిపల్ ఆఫీసులో ఆయన్ని అందరూ డిక్షనరీగారనే పిలుస్తారు. ముప్పై ఏళ్లుగా నోటీసులు టైపు చేస్తున్న గుమాస్తా. ఏ ఇంగ్లీషు మాట అడిగినా తలెత్తకుండానే అర్థం చెప్పేస్తాడు. అందుకే ఆ రోజు కాగితం పట్టుకుని వచ్చినావిడను బంట్రోతు తిన్నగా ఆయన బల్ల దగ్గరికే పంపాడు.

"అన్నయ్యగారూ, నా పేరు కింద ఒకటే మాట రెండు చోట్ల ఉంది. అర్థం చెప్పరూ?"

ఆవిడ బస్టాపు పక్క కాలిబాట మీద కుట్టుమిషను పెట్టుకుని జిప్పులు మార్చే దర్జీ. నాలుగు రోజుల క్రితం ఆఫీసు లారీ వచ్చి ఆ మిషను ఎత్తుకుపోయింది.

డిక్షనరీగారు కాగితం అందుకుని చూశాడు. ఆ మాట 'అబ్‌స్ట్రక్షన్'. టైపు చేసింది తనే.

"అడ్డమమ్మా. గొట్టంలో చెత్త ఇరుక్కుంటే నీళ్లకి అడ్డం కదా, దాన్నీ ఇదే అంటారు. పేగుల్లో ఏదైనా అడ్డుపడితే డాక్టర్లూ ఇదే రాస్తారు."

"నా పేగులు బాగానే ఉన్నాయి లెండి."

పక్క బల్లాయన కిసుక్కున నవ్వాడు.

"దారిలో సామాను పెడితే నడిచేవాళ్లకి అడ్డం. అదీ ఇదే."

"నా మిషను పక్కనుంచి తోపుడుబండి కూడా పోతుంది. సరే, అది పైనున్న మాట అనుకుందాం. మరి కిందది?"

కింద మాటకు అర్థం ఆయన నాలుక చివరే ఉంది. ఉద్యోగి పని చేసుకుంటుంటే కావాలని ఆపడం. అది నేరం. సోమవారం విచారణలో అది నిలబడితే మిషను తిరిగి రాదు, కాలిబాట మీద కూర్చునే అనుమతీ పోతుంది.

"అదీ అలాంటిదేనమ్మా," అని నసిగాడు.

"నేనేం చేశానో చెప్పనా? సూది కింద ఎవరిదో చొక్కా ఉంది, తీసుకుంటానన్నాను. ఇనస్పెక్టరుగారు తీసుకోమన్నారు. తర్వాత నేనే ఓ పక్క పట్టి మిషను లారీ ఎక్కించాను. సాయం పట్టినదాన్ని!"

ఆవిడ చేతిలోది ఇనస్పెక్టరు రిపోర్టు నకలు. ఆ రిపోర్టు లారీ బయల్దేరక ముందే, తొమ్మిదిన్నరకే తయారైంది. ఆవిడదొక్కటే కాదు, ఆ రోజువి పన్నెండు. 'కావాలని ఆటంకం కలిగించినారు' అన్న వాక్యంతో సహా. పేరూ టైమూ రాసే చోట్లు మాత్రం ఖాళీ. లారీ తిరిగొచ్చాక ఇనస్పెక్టరు అవి నింపి సంతకం పెడతాడు. సాయంత్రం పని తేలికవుతుందని ఈ పద్ధతి కనిపెట్టింది డిక్షనరీగారే. శభాష్ కూడా అనిపించుకున్నాడు. ఇలాంటి చోట్ల పేదవాడి పొట్ట కొట్టడానికి ఎవరూ పళ్లు కొరకనక్కర్లేదు. పని త్వరగా ముగించుకుని ఇంటికి పోదామనుకుంటే చాలు.

మర్నాడు భోజనాల వేళ డబ్బా మూత కూడా తియ్యకుండా బస్టాపుకి నడిచాడు. ఆవిడ మెట్టు మీద కూర్చుని చేత్తో గుండీలు కుడుతోంది. ఉన్నదంతా చెప్పేశాడు.

ఆవిడ దారం కొరికి, "అంటే నేను ఇంట్లో పళ్లు తోముకుంటుండగానే మీ దగ్గర నేరం చేసేశానన్నమాట," అంది.

"నన్ను క్షమించమ్మా."

"ఆ సంగతి తర్వాత. సోమవారం ఇదే మాట అక్కడ చెప్తారా?"

"నా ఉద్యోగం..."

"మీకు ఉద్యోగం. నాకు మిషను. అంతేగా తేడా?"

ఆయన చెప్తాననలేదు, చెప్పననలేదు. తలొంచుకుని వచ్చేశాడు.

సోమవారం విచారణ జరిపే అధికారి రిపోర్టు చదవడం ముగించేసరికి వెనక వరుసలో డిక్షనరీగారు లేచి నిలబడి ఉన్నాడు.

"గొడవ పదకొండింటికి జరిగిందని రాశామండీ. అది నేను టైపు చేసింది తొమ్మిదిన్నరకి."

ఇనస్పెక్టరు గుడ్లురిమి చూశాడు. అధికారి కళ్లజోడు తీశాడు.

"ఇదొక్కటేనా?"

"ఆ రోజువి పన్నెండూ అంతేనండీ."

"అంతకు ముందువి?"

ఆయన దర్జీ వైపు చూడలేకపోయాడు.

"అవీ అంతేనండీ. అన్నీ నేనే చేశాను."

మిషను ఇచ్చేయమని అధికారి రాసిచ్చాడు. గుమాస్తాని మాత్రం సంజాయిషీ రాసిచ్చేదాకా కదలొద్దన్నాడు. బయటికి పోతూ ఆవిడ ఆయన ముందు ఒక్క క్షణం ఆగింది.

"మా పక్కన తాళాలు బాగుచేసే తాత ఉండేవాడు. పోయినేడు అతన్నీ ఇలాగే కాలిబాట మీంచి పంపేశారు. ఎక్కడున్నాడో నాకు తెలీదు. మీ కాగితాల్లో అతని చిరునామా ఉంటుందేమో చూడండి."

ఉంటుంది. వెతకాలి. తను టైపు చేసిన అన్ని రిపోర్టుల్లో ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకు తెలియలేదు.